ఆపమనడానికి స్టార్ట్

అనుమసముద్రంపేట దర్గాకి అమ్మతో వెళ్లినప్పుడల్లా లాడ్జి పుస్తకంలో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాస్తాను. గది కోసం ఇచ్చిన నంబరు గది ఖాళీ చేయడంతో అయిపోవాలి కదా! నా ఉద్యోగం మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్‌లో. ‘సరేనన్నారు’, ‘వద్దన్నారు’ అనే రెండు గడుల మధ్యే నా రోజు గడుస్తుంది.

మన దేశంలో ఆ రెండో గడి వయసు చిన్నదే. 2007లో ట్రాయ్ ‘డు నాట్ కాల్’ రిజిస్ట్రీ పెట్టింది. అందులో చేరనివాళ్లంతా సరేనన్నట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారం అంటాం గానీ, ఇక్కడ పూర్తి అంగీకారమే. 2011 సెప్టెంబరు 27 నుంచి బ్యాంకులు, రియల్ ఎస్టేటు, చదువులు లాంటి ఏడు రకాల్లో కావలసినవి ఎంచుకోవచ్చన్నారు. ఏదీ వద్దనుకుంటే 1909కి పంపాల్సిన మెసేజి ‘స్టార్ట్ 0’. ఆపమనడానికి స్టార్ట్! అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. అమ్మకి నేర్పే ఓపిక లేక ఆమె ఫోన్‌ నుంచి నేనే పంపాను. అలా ఆమె ‘వద్దు’ కూడా ఆమె చెప్పింది కాకుండా పోయింది.

2018 నిబంధనలు సమ్మతిని బ్లాక్‌చెయిన్ తరహా లెడ్జర్లో ఎక్కించమన్నాయి. 2023 డేటా చట్టమైతే, సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలంది. దాన్ని అడిగే నోటీసు తెలుగులోనూ చదువుకునే వీలుండాలంది.

మొన్న పేటలో నంబరు గడిలో గీత గీశాను. గుమాస్తా తలెత్తి, “నంబరు కూడా రాయండి సార్” అన్నాడు.

రాశాను.