నావిగేటర్ కుర్చీ ఖాళీ అయింది

చెవిలో వెండిరంగు ఇయర్‌పీస్. వేలితో అదిమిపట్టి వింటున్నారు మీరు. సరిహద్దులోని నాలుగో కాపలా స్థావరం ఇందాకటిదాకా మాట్లాడింది. దాని కమాండర్ ముఖం తెర మీద కనిపించింది కూడా. ఇప్పుడు ఆ స్థావరమే లేదు.

మీరు లెఫ్టినెంట్ ఉహురా. ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌకలో సందేశాలు పంపడం, అందుకోవడం మీ పని. ఒంటి మీద ఎర్ర యూనిఫాం, అదీ తొడల దగ్గరే ఆగిపోయింది. చుట్టూ ఉన్న మగ అధికారులంతా ప్యాంట్లలో ఉన్నారు. నేల అదిరినప్పుడల్లా మీరు ఒక చేత్తో బల్ల పట్టుకుంటున్నారు, రెండో చెయ్యి యూనిఫాం అంచు సర్దుకోవడానికి పోతోంది. రెండేళ్ల కిందట, 1964లో, ఇదే ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ కోసం తీసిన మొదటి పైలట్ (నమూనా ఎపిసోడ్)లో ఆడవాళ్లకీ ప్యాంట్లే ఉండేవి. కెప్టెన్ తరువాతి స్థానంలో ఒక స్త్రీ ఉండేది. ఆ వేషం వేసిన నటి మేజల్ బారెట్. రెండో పైలట్ తీసేసరికి ఆ పాత్రే లేదు. బారెట్ ఇప్పుడు ఇదే నౌకలో నర్స్ చాపెల్.

అమెరికాలో టీవీల ముందు కూర్చున్నవాళ్లకి ఇది 1966 డిసెంబర్ 15 రాత్రి. ఎపిసోడ్ పేరు ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’.

తెర నిండా అగ్నిగోళం. శత్రువుల నౌక కంటికి కనబడదు. అది వదిలిన మంట మాత్రం కనబడుతోంది. మీ నౌక వెనక్కి వెనక్కి పరుగెడుతోంది. మంట ఇంకా దగ్గరికొచ్చింది. సహాయకురాలు యోమన్ రాండ్ కెప్టెన్ కిర్క్ పక్కకి చేరింది. ఆయన ఆమె చుట్టూ చెయ్యి వేశాడు. నౌకను నడిపే ఈ గదిలో ఇద్దరే ఆడవాళ్లు. ఒకరికి కెప్టెన్ భుజం దొరికింది. మీకు మీ బల్ల అంచు. వదలొద్దు. పట్టుకోండి.

మంట పలచబడింది. తాకింది, కానీ చంపలేదు.

గంటలు గడుస్తున్నాయి. శత్రువు విసిరిన చెత్తలో ఒక అణుబాంబు దాగుంది. పేలింది. కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. లేచారు. నివేదికలు వస్తున్నాయి. కాలిన గాయాలు. ఆయుధాల్లో ముందువైపు ఫేజర్ (కిరణాయుధం) గది ఒక్కటే పనిచేస్తోంది. అందులో ఉన్నది టాంలిన్సన్ ఒక్కడే.

ఒక్కడేనా?

ఈ నౌకలో సుమారు 430 మంది ఉన్నారు. పొద్దున టాంలిన్సన్‌కి పెళ్లి జరుగుతుండగా అలారం మోగి పీటల మీంచే లేచి పరుగెత్తాడు. పెళ్లికూతురు ఆంజెలాదీ ఆయుధాల విభాగమే. ఆమె ఏది? మిగతా షిఫ్టులవాళ్లు ఏరి? సముద్రం మీద యుద్ధనౌకలో నాలుగేసి గంటలకి పని వంతు మారుతుంది. ఒకడు పడిపోతే ఆ పని తెలిసిన ఇంకొకడు పక్కనే ఉంటాడు. ఇక్కడ అలా కాదు. మాట్లాడే ప్రతి నటుడికీ డబ్బివ్వాలి, కథ గంటలో ముగియాలి. అందుకే 430 మంది నౌకను అరడజను మొహాలు నడుపుతున్నాయి. నమ్మశక్యం కాని సిబ్బంది ఇది. కానీ నేను దీన్ని తప్పుపట్టలేను. ఎందుకో చూడండి.

నావిగేటర్ స్టైల్స్ లేచాడు. తన మొదటి ఉద్యోగం ఆయుధాల్లోనే అంటున్నాడు. కిర్క్ అతన్ని ఫేజర్ గదికి పంపేశాడు. ముందు వరసలో, చుక్కాని చూసే సులూ పక్కన, కుర్చీ ఖాళీ. కెప్టెన్ మీ వైపు తిరిగాడు. నావిగేషన్ చూడమన్నాడు.

మీకు వచ్చా ఆ పని?

వచ్చు. ఎవరూ అడగలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇయర్‌పీస్ తీశారు. మెట్టు దిగారు. కూర్చున్నారు. చేతుల కింద కొత్త మీటలు, ఎదురుగా నక్షత్రాలు. ఇంకో నటుణ్ని పెట్టుకోలేని పొదుపు ఒక నల్లజాతి స్త్రీని నౌకకు దారి చూపే చోట కూర్చోబెట్టింది. రచయితలు అనుకుని చేసి ఉంటే ఎంత బావుండేది! అనుకోకుండా జరిగినా చూసినవాళ్ల కళ్లకి ఆ దృశ్యం దక్కింది.

శత్రువు కనబడ్డాడు. కాల్చమని ఆజ్ఞ. జవాబు లేదు. మళ్లీ ఆజ్ఞ. లేదు. కింద ఫేజర్ గదిలో విషవాయువు. శత్రువు దగ్గరికొస్తున్నాడు. సులూ చేతులు ఆగాయి. మీవీ ఆగాయి. ఊపిరి బిగబట్టారు. అప్పుడు నీలిమెరుపు. తగిలింది. కింద, కిర్క్ తరువాతి అధికారి స్పాక్ మీట నొక్కాడు. స్టైల్స్‌ని బయటికి లాగాడు. టాంలిన్సన్ దక్కలేదు.

మీ కుర్చీ కూడా ఎక్కువ కాలం దక్కదు. 1967లో రెండో సీజన్‌కి చెకోవ్ అనే కుర్రాడొస్తాడు. నావిగేటర్ స్థానం అతనిది. మీరు తిరిగి మీ బల్ల దగ్గరికి. 1969లో సీరియల్ ఆగిపోతుంది. దాని చివరి కథలోనే, స్టార్‌షిప్ కెప్టెన్ల లోకంలో ఆడదానికి చోటు లేదని ఒక స్త్రీ కిర్క్ ముఖం మీదే అంటుంది. ఆ స్త్రీని కథ పిచ్చిదాన్ని చేసి వదిలేస్తుంది. ఫిర్యాదుకి మాత్రం జవాబు చెప్పదు.

1973 సెప్టెంబర్. సీరియల్ కార్టూన్‌గా తిరిగొచ్చింది. ఇప్పుడు మీరు కార్టూన్ బొమ్మ, గొంతు మాత్రం మొదటినుంచీ మీ వేషం వేసిన నిషెల్ నికల్స్‌దే. ‘ది లోరెలై సిగ్నల్’ ఎపిసోడ్. ఏదో మాయ సంకేతానికి మగవాళ్లంతా మత్తులో తూలుతున్నారు. కిర్క్ కింద గ్రహం మీద చిక్కుకుని ముసలివాడైపోతున్నాడు. నౌకను నడిపే గదిలో ఆజ్ఞ ఇవ్వగలిగే స్థితిలో మీరున్నారు. ఎవరో రమ్మనేదాకా ఆగుతారా?

ఆగలేదు. నౌక బాధ్యత తీసుకుంటున్నానని ప్రకటించారు. నర్స్ చాపెల్‌ని ప్రధాన వైద్యాధికారిని చేశారు. ఆడవాళ్లతోనే ఒక దళం కట్టి, కిందికి దిగడానికి ముందు నడుస్తున్నారు.