కూలర్ గాలీ, జనతా వాచీ

చెప్పులు గడప బయటే విడవండి. వరండా అంతా శెనక్కాయలు ఆరబోసి ఉన్నాయి, గోడ పక్కగా సన్నటి దారి వదిలారు, అట్లా రండి.

రాప్తాడు. అక్టోబరు చివరి వారం, మధ్యాహ్నం మూడు. వీధి చివర 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు లారీల రొద. దక్షిణాన మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. ఏడాది పొడుగునా కలిపి సుమారు 550 మిల్లీమీటర్లు పడే సీమ ఇది. ఇలాంటి చోట తాత వాచీ తేమకు పాడైందని చిన్నాయన ఫోన్‌లో చెబితే నవ్వొచ్చింది నాకు. నవ్వకుండా లోపలికి రండి, ఆయనకు కోపం ఎక్కువ.

కిటికీ కింద చాప. చాప మీద పీట, పీట మీద తెల్లగుడ్డ. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ముప్పై ఏళ్లు వాచీలు బాగుచేసిన చిన్నాయన చేతులు ఇప్పుడు కొంచెం వణుకుతున్నాయి గానీ, భూతద్దం కంటికి బిగించగానే వణుకు ఆగిపోతుంది. ఎదురుగా తాతది, హెచ్‌ఎంటీ జనతా. రోజూ కీ ఇవ్వాల్సిన రకం. మార్చిలో శుభ్రంగా నడుస్తుంటే తుడిచి, అట్టపెట్టెలో పెట్టి, బీరువాలో చీరల కింద దాచింది చిన్నాయనే.

సన్నటి చాకు మొన అంచులో దూర్చి మెలి తిప్పాడు. టప్‌మని వెనక మూత ఊడింది.

“వంగి చూడబ్బీ. కీ తిప్పే కడ్డీ కాడ ఎర్రగా ఉండాదే, అదే తుప్పు. యాణ్ణుంచి వచ్చిందనుకుంటివి?”

“వానకేమో చిన్నాయనా.”

“వాన యాడుందిరా ఈ ఊళ్లో! అదిగో.” గడ్డంతో కిటికీ వైపు చూపించాడు. కూలర్.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటాక ఈ గది ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. తడిసిన గడ్డి గుండా వచ్చే గాలి రాత్రంతా గదిలోకి కొడుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి ఇంకో కిటికీ తెరిచి ఉంచాలి. మనమేమో చల్లదనం పోతుందని అన్నీ బిగిస్తాం. తెల్లారేసరికి అప్పడాలు మెత్తబడతాయి, అగ్గిపుల్ల గీస్తే వెలగదు. కూలర్‌కు ఎదురుగా బీరువా. ఊరంతా ఎండి పగుళ్లు తీస్తుంటే ఆ ఇనప పెట్టె ఒక్కటీ సముద్రపు ఒడ్డున ఉన్నట్టు.

వాచీ కూడా ఊపిరి తీస్తుంది. పగటి వేడికి లోపలి గాలి ఉబ్బి కొంత బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే బయటి తేమను లోపలికి పీల్చుకుంటుంది. కొత్త వాటికైతే రబ్బరు వాషర్లు అడ్డం పడతాయి. అవి ముసలివైతే అంతే సంగతి. గాజు లోపల ఆవిరి పట్టడం, ముళ్ల మీద మచ్చలు, డయలు మీద బూజు, అన్నీ అక్కణ్నుంచే. సెల్లుతో నడిచే వాచీకి ఇంకో గండం, అయిపోయిన సెల్లు లోపలే కారుతుంది. దాచేముందు తీసేయాలి.

ఇంతకీ ఆ తుప్పు పట్టిన కడ్డీ కొత్తది దొరకదా అని అడగబోయాను. ఆయనే చెప్పాడు. ఈ రోడ్డు పట్టుకుని పోతే వచ్చే బెంగళూరులోనే 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైంది. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు ఒక జనతా బతకాలంటే చాలాసార్లు ఇంకో జనతాను విప్పాల్సిందే.

బీరువాలోంచి అట్టపెట్టె తెచ్చాడు. వాసన చూడండి. నాఫ్తలీన్. అవి పురుగును ఆపుతాయి, తేమను కాదు. పెట్టెలోని స్పాంజి వేలితో తాకితే పొడి పొడిగా రాలింది. తేమ పట్టుకుని కూచునేది అదే. తోలు బెల్టు లోపలివైపు చెమట ఉప్పు తెల్లగా గీతలు కట్టింది.

ఆ అట్టపెట్టె బదులు ఇప్పుడు రబ్బరు అంచు మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా. అడుగున గుడ్డసంచిలో సిలికా జెల్ గుళికలు. నీలంగా ఉండాల్సినవి గులాబీ రంగుకు తిరిగాయి, కడుపు నిండా తేమ తాగాయన్నమాట. వేడి చేస్తే మళ్లీ నీలం. చిన్నాయన పెనం అందుకోబోయాడు.

“నా రొట్టెల పెనం ముట్టుకున్నావంటే చూడు!” వంటింట్లోంచి చిన్నమ్మ.

ఆమెదే న్యాయం. ఆ నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, అన్నం వండే గిన్నెలకు తగలకూడదు. వేరే పాత రేకు దొరికింది. పెరట్లో సన్నటి సెగ మీద పెట్టి, మాడకుండా కదుపుతూ చాలాసేపు కూచున్నాం. ముందు అంచుల్లో గుళికలు ఊదారంగుకు వచ్చాయి, ఆ తర్వాత నడిమివి. చల్లారేదాకా మూతపెట్టి ఉంచాలి, లేకుంటే గాల్లో తేమను మళ్లీ తాగేస్తాయి. బియ్యంలో పెడితే సరిపోదా అంటే చిన్నాయన నన్ను చూసిన చూపు మీరూ చూడాల్సింది. బియ్యం అంతగా పీల్చవు, పైగా దుమ్ము.

అట్లాగని ఎండగొట్టేయడమూ కాదు, తోలు పగులుతుంది. డబ్బాలో చిన్న తేమ మీటరు ఉంది, 40కీ 50కీ మధ్య ఉంటే ఆయనకు నిద్ర పడుతుంది. బెల్టులు విడిగా కాగితంలో. డబ్బా మూసేది మాత్రం పొడిగా ఉన్న రోజు మిట్టమధ్యాహ్నమే. తడిగాలి లోపల పెట్టి మూస్తే తేమను మనమే దాచిపెట్టినట్టు కదా.

“శెనక్కాయకు తెలిసినంత కూడా తెలీదురా మీకు,” అంటూ వరండాలోంచి ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఆడించాడు. లోపల గింజ గలగలమంది. “ఇట్ల మోగితేనే మూట కట్టేది. పచ్చిది కట్టినావంటే బూజే.”

కడ్డీ మీద తుప్పు గీకి, ఒక బొట్టు నూనె వేసి, కీ ఇచ్చాడు. మూడు టిక్కులు. ఆగింది. మళ్లీ కదిపాడు. ఈసారి ఆగలేదు.

టప్. రేకుల మీద ఒక చినుకు, ఆ వెంటనే పది.

“కాయలు తడుస్తాండాయి, రండీ!” చిన్నమ్మ కేక. చిన్నాయన వాచీని గుళికల డబ్బాలో వేసి మూత నొక్కబోయి, ఆగి, తీసి జేబులో వేసుకున్నాడు. “ఇప్పుడు కాదులే.” మీరు ఆ పట్టా కొస పట్టుకోండి, నేను ఇటు పట్టుకుంటాను.