స్పృహ లేనివారికి మత్తెందుకు? హైదరాబాదు క్లోరోఫారం నివేదిక

అల్ ఖర్జ్ నుంచి రియాద్ వెళ్ళే రహదారి మీద తలకు దెబ్బ తగిలిన మనిషిని ఆపరేషను గదికి తెచ్చినప్పుడు, వెంట వచ్చిన మనవాళ్ళు అడుగుతారు: "స్పృహే లేదు కదా డాక్టరు గారూ, మళ్ళీ మత్తెందుకు?" ప్రశ్న సమంజసమైనదే. దానికి జవాబు వెతుకుతూ పోతే దారి హైదరాబాదు మీదుగా సాగుతుంది.

1847లో సింప్సన్ ఎడింబరోలో క్లోరోఫారం వాడాడు. మరుసటి జనవరిలోనే హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు శస్త్రచికిత్సలో దానివల్ల మరణించింది. ముందు ఆగేది శ్వాసా, గుండెా అన్న వాదం అప్పటినుంచీ నలిగింది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాం ధనసహాయంతో 1888లో ఒక విచారణ సంఘం నడిపాడు. దాని తీర్పును 'లాన్సెట్' శంకించగా, నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చి లండను నుంచి నిపుణుణ్ణి పంపమన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. తీర్పు మారలేదు: శ్వాసను కనిపెట్టి ఉండండి, నాడితో పనిలేదు.

1891లో బొంబాయిలో అచ్చయిన ఆ నివేదికలో నాకు నచ్చనిది దాని నిశ్చయమే. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలతో తేల్చిన సంగతి వేరు. క్లోరోఫారం పలుచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి ఆగిపోతుంది. అంటే అరకొర మత్తూ ప్రాణాంతకమే.

ఆ మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు ఇక్కడే ఉంది. కోమా అంటే శరీరం మొద్దుబారడం కాదు. 1974లో టీస్‌డేల్, జెనెట్‌లు ప్రకటించిన గ్లాస్గో కొలమానంలో ఎనిమిదికి దిగినవారిని కోమాలో ఉన్నట్లు లెక్కిస్తాం. వారిలోనూ గిల్లితే చేయి వెనక్కి లాక్కునేవారుంటారు. కత్తి తగలగానే రక్తపోటు ఎగుస్తుంది, ఇదివరకే వాచిన మెదడు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బాధ తెలుస్తుందో లేదో రోగి చెప్పలేడు. అతని నాడి చెబుతుంది. అలాగని మామూలు మోతాదు ఇస్తే రక్తపోటు కూలి మెదడుకు రక్తం చాలదు. కనుక తక్కువ మందు, ఆచితూచి, ధమనిలో సూది పెట్టి ప్రతి స్పందననూ చూసుకుంటూ. శ్వాస విషయంలో మాత్రం లారీదే గెలుపు: ఊపిరి మందగిస్తే బొగ్గుపులుసు వాయువు పేరుకొని మెదడు రక్తనాళాలు ఉబ్బుతాయి, పుర్రెలో చోటు మరింత తగ్గుతుంది. అందుకే గొంతులో గొట్టం ముందు, తక్కినవి తర్వాత.

ఈ కథలో లారీ కంటే నన్ను ఎక్కువ ఆకర్షించినది ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరి, ఆ ప్రయోగాలలో పాల్గొని, తర్వాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి క్లోరోఫారం ఇచ్చింది. ప్రపంచంలో తొలితరం మహిళా మత్తువైద్యులలో ఆమె ఒకరు. నడివయసులో, 1909లో, భౌతిక, రసాయన శాస్త్రాలు చదవడానికి ఎడింబరోకు ఓడ ఎక్కింది.