మూసీ నదిలో కరిగిన సేంద్రియ కర్బనం: ఋతుక్రమం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
నదీజలాన్ని సూక్ష్మ రంధ్రాల వడపోత గుండా పంపిన తరువాత కూడా నీటిలో నిలిచే సేంద్రియ పదార్థంలోని కర్బనాన్ని ‘కరిగిన సేంద్రియ కర్బనం’ అంటారు. నేల, రాలిన ఆకులు, జలజీవులు దీనికి సహజ మూలాలు; మురుగునీరు మానవకృత మూలం. మూసీ నదిలో ఈ మూలాల ప్రాధాన్యం ఏ విధంగా మారిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. జలాశయాల నిర్మాణం:
అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే మూసీ వర్షాధార నది. ఇటువంటి నదుల్లో తొలివానలు నేలపై పేరుకున్న సేంద్రియాంశాన్ని కడిగి తెస్తాయి కనుక, సహజస్థితిలో ఈ కర్బనం సాధారణంగా వానాకాలంలో పెరుగుతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద హైదరాబాదును అతలాకుతలం చేసింది. అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. ఇవి వరద ముప్పును తగ్గించి, నగరానికి తాగునీటినిచ్చాయి. అదే సమయంలో దిగువకు చేరే సహజ ప్రవాహాన్ని తగ్గించాయి. నగరం వాడుకొన్న నీరు మురుగై తిరిగి నదిలో చేరింది.

3. ఉత్తర శివారు పాత్ర:
ఈ మార్పు నదీతీరానికే పరిమితం కాదు. పేట్ బషీరాబాద్‌కు సమీపంలోని జీడిమెట్ల పారిశ్రామికవాడ వ్యర్థజలాలు కూకట్‌పల్లి నాలా ద్వారా హుస్సేన్‌సాగర్‌కు చేరాయి. ఆ చెరువు మిగులునీరు కలిసేది మూసీలోనే.

4. తారుమారైన ఋతుక్రమం:
వేసవిలో నగరం దిగువన ప్రవహించేది అధికభాగం మురుగునీరే. కనుక అక్కడ కర్బన గాఢత వేసవిలో పెరిగి, వాననీరు కలిసినప్పుడు పలచబడుతుందని భావించడం సమంజసం. అయితే నది మోసే మొత్తం కర్బనం గాఢతపైనే కాక ప్రవాహ పరిమాణంపై కూడా ఆధారపడుతుంది. వానాకాలంలో గాఢత తగ్గినా మొత్తం కర్బనం పెరగవచ్చు. అలాగే కాలుష్య నివేదికల్లో తరచు కనిపించే బి.ఓ.డి. విలువ సూక్ష్మజీవులు త్వరగా విచ్ఛిన్నం చేయగల అంశాన్నే ప్రధానంగా సూచిస్తుంది. నిలకడగా ఉండే కర్బనం అందులో పూర్తిగా వ్యక్తం కాదు.

5. ముగింపు:
ఒక ఏడాది ఏప్రిల్ నమూనాను మరో ఏడాది ఆగస్టు నమూనాతో పోల్చి నది బాగుపడిందనడం చారిత్రకంగా దోషమవుతుంది. నమూనా సేకరించిన నెల, స్థలం, నాటి ప్రవాహం తెలిసినప్పుడే జలనాణ్యత అంకె చారిత్రక ఆధారమవుతుంది. మూసీ ఋతుక్రమంలోని మార్పు వాతావరణ ఫలితం మాత్రమే కాదు. నగర నిర్మాణ చరిత్రలో అది ఒక భాగం.