రెండో గుండు ఎవరిది?

శ్రీకాకుళం పోరాటం మీద వచ్చిన కవిత్వంలో తుపాకులకు కొదవలేదు. కొండల్లో మాత్రం అన్ని లేవు. ఈ తేడాని మన విమర్శ ఇంతవరకూ గట్టిగా పట్టించుకోలేదు. కవికి తుపాకి ఉచితంగా వస్తుంది. జాతాపు రైతుకి, సవర పోడుదారుకి అది ఎంతకి వచ్చింది, ఎలాంటిది వచ్చింది, ఎన్నిసార్లు పేలింది అని అడిగితే చరిత్ర మరోవైపు నుంచి తెరుచుకుంటుంది.

తక్కువ డబ్బుతో మొదటి రైఫిల్ ఏది కొనుక్కోవాలి అన్నది అమెరికాలో మామూలు కొనుగోలుదారు ప్రశ్న. 1964లో రూగర్ కంపెనీ 10/22 అనే చిన్న రైఫిల్‌ని బజారులో పెట్టింది. మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలుతుంది, తర్వాతి తూటా దానంతటదే ఎక్కుతుంది. సామాన్య కుటుంబాలు దాన్ని కొనుక్కున్నాయి. అదే కాలంలో సాలూరు సంతకి చింతపండు మోసుకొచ్చిన మనిషికి ఆ ప్రశ్నే అర్థం కాదు. అతను ఎరిగిన తుపాకి నాటు తుపాకి. గొట్టం మూతి నుంచి మందు కూరాలి, గుళ్ళు వెయ్యాలి, దట్టించాలి, అప్పుడొక్కసారి పేల్చాలి. తెలంగాణలో దాన్నే భర్మారు అన్నారు. వాన పడితే మందు నాని అదొట్టి ఇనుప గొట్టం. పైగా తుపాకి సంపాదించడం ఒకసారే గాని మందుకీ సీసానికీ ప్రతిసారీ మైదానం మీద ఆధారపడాలి. మైదానమంటే షావుకారు.

ఇది పేదరికం వల్ల మాత్రమే జరిగిందనుకుంటే పొరపాటు. రెండో గుండు ఎవరి చేతిలో ఉండాలో పాలకులు చాలా స్పష్టంగా నిర్ణయించారు.

1857 తిరుగుబాటు వెనకాల ఉన్నది ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా అని అందరికీ తెలుసు. ఆ తిరుగుబాటు తర్వాత ఏం చేశారో అంతగా తెలీదు. స్వదేశీ సిపాయిల కోసం 1858 నమూనా ఎన్‌ఫీల్డ్ తయారుచేశారు. చూడ్డానికి అదే తుపాకి. గొట్టం లోపలి మరలు మాత్రం ఉండవు, నున్నగా ఉంటుంది. మరలున్న రైఫిల్ వందల గజాల దాకా గురి నిలబెడుతుంది. నున్నటి గొట్టం వంద గజాలు దాటితే ఎటు కొడుతుందో చెప్పలేం. తన జీతం తీసుకునే సిపాయినే తెల్లదొర అంత మాత్రం నమ్మాడు! 1878 ఆయుధాల చట్టం అదే సూత్రాన్ని ఊళ్ళకి తెచ్చింది. భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కి మినహాయింపు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పోలీసులకి .410 మస్కట్లు ఇచ్చారు. పదేసి తూటాలు పట్టే లీ ఎన్‌ఫీల్డ్‌నే ఒక్క తూటా తుపాకిగా మార్చి ఇచ్చిన సరుకది. పోలీసు చేజారి ప్రజల చేతిలో పడినా ఒక్క గుండే పేలాలి. ఇంత ముందుచూపు వాళ్ళు కరువు విషయంలో ఎన్నడూ చూపలేదు.

ఈ నేపథ్యంలోంచి చూస్తే 1922 ఆగస్టు వేరుగా కనపడుతుంది. అల్లూరి సీతారామరాజు దళం 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది. దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. వీరగాథ ఇక్కడితో ఆగిపోతుంది, లెక్క ఆగదు. తుపాకికి వంద తూటాలు కూడా రావు. 1924 మే 7న రాజు మరణించే దాకా పోరాటం ఇరవై నెలల పైచిలుకు సాగింది. మధ్యలో మరికొన్ని చేజిక్కి ఉండొచ్చు. అయినా ప్రతి తూటా లెక్కపెట్టి కాల్చవలసిన యుద్ధమది. తుపాకి కొనలేనివాడికి, కొనడానికి చట్టం ఒప్పుకోనివాడికి స్టేషను గోడ మీది కొక్కెమే దుకాణమైంది. దాని ధర రూపాయల్లో ఉండదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఏం మారింది? 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. త్రీనాట్‌త్రీ, 7.62 రైఫిళ్ళు మామూలు లైసెన్సుకి దొరకని నిషిద్ధ జాబితాలోకి వెళ్ళాయి. మిగిలిన వాటికి అర్జీ పెట్టుకోవాలి. అర్జీ రాయగలిగినవాడెవడు, తాలూకా కచేరీలో పలుకుబడి ఉన్నవాడెవడు? కొండకింద ఊళ్ళల్లో ఈ ప్రశ్నకి జవాబు వర్గమే చెప్పింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు మహాసభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ రోజు తుపాకి ఒక పక్షానే ఉంది. శ్రీకాకుళం కథ అక్కణ్ణించి మొదలుపెట్టే రచయిత ఈ సంగతి మరిచిపోకూడదు.

తర్వాత మూడేళ్ళలో గిరిజనుల చేతికొచ్చినవి ఎక్కువగా నాటు తుపాకులు, విల్లంబులు, బల్లేలు, భూస్వాముల ఇళ్ళలో దొరికిన కొద్దిపాటి తుపాకులు. ఎదురుగా సాయుధ పోలీసులు, సి.ఆర్.పి. 1970 జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించేసరికి ఉద్యమం దాదాపు అణగారిపోయింది. ఓటమికి రాజకీయ కారణాలున్నాయి, వాటి మీద బోలెడు వాదోపవాదాలు జరిగాయి. ఆయుధాల్లోని తేడాని ఆ వాదాల్లో అడుగున ఒక వాక్యంగా వదిలేశారు. మందు దట్టించే మనిషి చేతులు ఎంతసేపు ఖాళీగా ఉండవో ఊహించినవాడు ఆ వాక్యాన్ని అంత తేలిగ్గా దాటడు.

మన కథల్లో ఇక్కడే అవకతవకలు దొర్లుతున్నాయి. 1969 నాటి దళం చేతికి ఏ.కె. 47 ఇచ్చేస్తారు. అది తెలుగు నేల మీది దళాల దగ్గర కనిపించింది చాలా తర్వాత. నాటు తుపాకిని ధనధనా పేలుస్తారు. చిన్న తప్పులే అంటారు కొందరు. కానీ పాత్ర చేతికి లేని రెండో గుండు ఇచ్చిన క్షణాన ఆ పాత్ర భయమూ తెగువా రెండూ అబద్ధమైపోతాయి. ఒక్క గుండు తప్పితే చావే అని తెలిసి నిలబడ్డ మనిషి వేరు.

అర్ధ స్వయంచాలక రైఫిల్, అంటే మనవాళ్ళు ఎస్.ఎల్.ఆర్. అనేది, 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ కర్మాగారంలో సైన్యం కోసం తయారైంది. తర్వాత పోలీసులకీ వచ్చింది. సాలూరు నుంచి సుంకి ఘాటెక్కి పోయే రోడ్డు కోరాపుట్ చేరుతుంది. 2004 ఫిబ్రవరి 6న అక్కడి జిల్లా పోలీసు ఆయుధాగారం మీద పీపుల్స్‌వార్ దాడి చేసి వందలాది ఆయుధాలు ఎత్తుకుపోయింది. వాటిలో ఎస్.ఎల్.ఆర్.లు కూడా ఉన్నాయి. చింతపల్లి స్టేషనుకీ ఆ ఆయుధాగారానికీ మధ్య ఎనభై రెండేళ్ళు. ఆ కొండలకి ఇటువైపున్న సాలూరు ఈలోగా విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళానికి, 1979లో విజయనగరానికి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకి మారింది.