కత్తియు, కవిలెయు
(జపాను సమురాయిలు – మన సీమ పాళెగాండ్రు)

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరిరి. మన బీరువాలలోని పుస్తకములలో జపాను దేశపు సమురాయి వీరుల కథలను యువకులు మిక్కిలి ప్రీతితో చదువుచుండుట నేను గమనించితిని. ఆ వీరుల శౌర్యమును, స్వామిభక్తిని మెచ్చుకొనుచు "అట్టివారు మన దేశమున లేకపోయిరే" యని ఒక విద్యార్థి నాతో ననెను. లేకేమి? మదనపల్లె, పుంగనూరు, కుప్పముల నడుమ ఈ కొండలలోనే అట్టివారు తరతరములు బ్రతికిరి. అయితే వారి చరిత్రను కథలలో గాక కవిలెలలో వెదకవలయును. గ్రామలెక్కలు వ్రాయుటలో తల నెరసినవాడను గనుక, ఆ దారిని నాకు తెలిసినంతవరకు విన్నవించెదను.

సమురాయి యను మాటకు కొలువు చేయువాడని అర్థము. మన భాషలో 'బంటు' అనిన సరిపోవును. పండ్రెండవ శతాబ్దాంతమున మినమోతో వంశీయుడగు యోరితోమో కామకురా పట్టణమున సైనిక ప్రభుత్వమును నెలకొల్పి, 1192లో షోగును బిరుదమును పొందెను. చక్రవర్తి పేరునకు మాత్రమే మిగిలెను. తన పక్షమున పోరాడిన వీరులకు యోరితోమో భూములపై అధికారమును, పంటలో భాగమును ఇచ్చెను. నాటి సమురాయి ముఖ్యవిద్య గుఱ్ఱముపై నుండి బాణము వేయుట. కత్తికి అంతటి ప్రసిద్ధి తరువాతి కాలమున వచ్చినది. ఏలిక భూమినిచ్చును, బంటు ప్రాణమిచ్చును. వారి ధర్మమంతయు ఈ రెండు మాటలపై నిలిచినది.

ఇదే ఒడంబడిక మన సీమలోను గలదు. తొమ్మిదవ శతాబ్ది ప్రాంతమున వైదుంబులు, బాణులు, నొళంబులు ఈ నేలకై పోరాడిరి. ఆ కాలపు వీరగల్లులు మన పొలములలో నేటికిని నిలిచియున్నవి. పసులమందలను కాపాడుచునో, ఊరికి అడ్డునిలిచియో మడిసినవానికి రాయి నిలిపి, వాని సంతతికి భూమినిచ్చెడివారు. మన పొరుగుననున్న కన్నడ సీమలో అట్టి మాన్యమును 'నెత్తరు కొడగె' యనిరి. నెత్తురునకు బదులుగా ఇచ్చిన నేల యని దాని భావము.

విజయనగర రాజుల కాలమున ఈ పద్ధతి గొప్ప వ్యవస్థగా పెరిగెను. రాజు నాయకునకు 'అమరము'గా సీమనిచ్చును. నాయకుడు దాని రాబడిలో కొంత రాజునకు చెల్లించి, మిగిలినదానితో ఇన్ని గుఱ్ఱములను, ఇంత కాల్బలమును పోషించవలెను. అట్టి నాయకులు ఇన్నూరుమందికి పైగా నుండిరని నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు వ్రాసెను. 1565లో రాక్షసి-తంగడి యుద్ధమున విజయనగరము కూలగా, రాజధాని పెనుగొండకును పిదప చంద్రగిరికిని తరలెను. పైనున్న రాజు బలహీనుడైన కొలదియు క్రిందనున్న నాయకులు స్వతంత్రించిరి. వారే పాళెగాండ్రు. పుంగనూరు, కుప్పము చెంతనున్న కంగుంది, చిత్తూరు వైపున కల్లూరు, పులిచెర్ల, మొగరాల, పాకాల మొదలగునవి అట్టి పాళెములే.

పాళెగానికి బలము అతని కోటలో లేదు, కట్టుబడి బంట్లలో గలదు. కట్టుబడి బంటునకు జీతము నాణెములలో ముట్టదు. స్వల్పమైన పన్నుపైననో, పన్ను లేకయో సాగుచేసికొనుటకు కొంత భూమి నిత్తురు. వాడు వానకాలమున మడక దున్నును. పాళెగాని పిలుపు వచ్చిన బల్లెమో, తుపాకియో చేతబట్టి కొండకెక్కును. తక్కిన దినములలో ఊరి కావలి, బాటల కావలి వాని పని. ఒక్క చేతిలోనే మేడియు, కత్తియు నుండినవని తాత్పర్యము.

జపానులోను మొదట ఇట్లే యుండెడిది. పెక్కురు సమురాయిలు పల్లెలలో నివసించుచు పొలము చూచుకొనెడివారు. పదునారవ శతాబ్దాంతమున హిదెయోషి యనువాడు దేశమును ఏకముచేసి ఈ రెంటిని విడదీసెను. 1588లో రైతులయొద్దనున్న కత్తులను, తుపాకులను లాగికొనెను. 1591లో యోధులు రైతులుగా గాని, రైతులు వర్తకులుగా గాని మారరాదని శాసించెను. సెకిగహార యుద్ధము పిదప 1603లో తొకుగావా ఇయెయాసు షోగును కాగా ఈ విభజన స్థిరపడెను. సత్సుమా వంటి కొన్ని సంస్థానములలో దక్క, సమురాయి పల్లెను విడిచి కోట చుట్టునున్న పట్టణము చేరెను. రెండు కత్తులు ధరించు హక్కు వానికే దక్కెను గాని పొలము మాత్రము చేజారెను.

ఇక వాని బ్రతుకు ఏలిక కొలిచియిచ్చు బియ్యముపై ఆధారపడెను. ఆ కొలతకు కోకు అని పేరు. మన పుట్టి, తూముల వలె అదియొక ధాన్యపు మానము. సుమారు 180 లీటర్లు, ఒక మనిషికి ఏడాది గ్రాసము. పదివేల కోకుల రాబడి గలవాడు దైమ్యో, అనగా సంస్థానాధీశుడు. కగా సంస్థానపు మయెదా వంశమువారిది పది లక్షలకు మించిన రాబడి. ఏబది కోకులైనను లేని చిన్న సమురాయిలు మాత్రము వేలకొలది నుండిరి. తమ బియ్యమును వర్తకులకు ముందే కుదువబెట్టి అప్పులు చేసిరి. కొందరు రహస్యముగా గొడుగులు అల్లి పొట్టపోసికొనిరి. కథలలోని వీరునకు ఇంటిలో వడ్డీ భయముండెనని ఎఱుగుట మంచిది.

అయినను ఆ రెండువందల యేబదియేండ్ల శాంతికాలము వారికొక మేలు చేసెను. యుద్ధములు లేనందున సమురాయి పుస్తకము పట్టెను. శాస్త్రవిద్యయు, శస్త్రవిద్యయు పక్షికి రెండు రెక్కల వంటివని వారు భావించిరి. సంస్థానములందు పాఠశాలలు వెలసెను. చైనా శాస్త్రములు చదివి, లెక్కలు నేర్చి, న్యాయాధికారులుగను, కోశాధికారులుగను పనిచేసిరి.

వీరులను దేవతలుగా చిత్రించుట చరిత్ర కాదు. తన్నవమానించిన సామాన్యుని నరకుటకు సమురాయికి హక్కుండెను. మన పాళెగాండ్రలోను చెఱువులు త్రవ్వించినవారు, గుడులు నిలిపినవారు నుండిరి. పొరుగు పాళెపు పసులను తోలుకొనిపోయి, రైతు కల్లమును దోచినవారును ఉండిరి. ఊరికి కావలి కాసినవాడే ఊరికి భయమైన దినములు కలవు.

ఇరువురి అంతమును కత్తి దెబ్బతో మొదలై కలము పోటుతో ముగిసెను. 1800లో నైజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చెను. మదనపల్లె ప్రాంతము అందులోనిది. అప్పుడచ్చట 80 మంది పాళెగాండ్రును, వారి క్రింద సుమారు 30,000 మంది సాయుధులును ఉండిరని కంపెనీ లెక్క. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఉండి, సైన్యము సాయముతో పాళెగాండ్ర కోటలను కూల్పించి, కొందరిని పింఛనుదారులుగా మార్చెను. చిత్తూరు పాళెగాండ్రు 1804లో తిరుగబడి ఓడిరి. పుంగనూరు, కంగుంది పాళెములు జమీందారీలుగా నిలిచి, 1948 నాటి జమీందారీ రద్దు చట్టముతో చరిత్రలో కలిసెను.

పాళెగానికి పింఛనైనను వచ్చెను. కట్టుబడి బంటు మాట యేమి? వాని మాన్యములను ప్రభుత్వము క్రమముగా వెనుకకు తీసికొనెను. 1846లో కోయిలకుంట్ల ప్రాంతమున ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడినప్పుడు అతని వెంట నడచినవారిలో ఇట్లు భూమి కోల్పోయిన కట్టుబడులు అనేకులు. రెడ్డి పోరు పింఛను వివాదముతో రగిలినదే. 1847 ఫిబ్రవరి 22న అతనిని ఉరితీసిరి.

ముప్పది యేండ్లకు జపానులో ఇదే కథ నడచెను. 1871లో సంస్థానములు రద్దయ్యెను. 1873లో నిర్బంధ సైనికసేవ వచ్చి రైతుబిడ్డయు సిపాయి యయ్యెను. 1876లో కత్తి ధరించుట నిషేధింపబడెను. ఆ యేడే బియ్యపు జీతములను ఆపి, బదులుగా ఋణపత్రములు చేతబెట్టిరి. 1877లో సత్సుమా సమురాయిలు సైగో తకమోరి నాయకత్వమున తిరుగబడి, తాము హీనముగా చూచిన ఆ రైతుబిడ్డల సైన్యము చేతనే ఓడిరి.

ఇక్కడ చదువరులు ఒక్క భేదమును గమనింపగోరెదను. సమురాయికి నేల లేదు, అక్షరముండెను. కావున కత్తి పోయిన పిదప ఉపాధ్యాయుడుగను, ఉద్యోగిగను, పోలీసుగను నిలదొక్కుకొన్నవారు పెక్కురు. తన చరిత్రను తానే వ్రాసికొనెను. అందుచేతనే వాని కథ సముద్రములు దాటి మన బీరువా చేరినది. మన కట్టుబడికి నేలయుండెను, అక్షరము లేదు. వాని హక్కు తాను చదువలేని కవిలెలో నుండెను. 1858లో ఇనాము కమిషను ఏర్పడి మాన్యములకు ఆధారములు అడిగినప్పుడు, చూపుటకు కాగితము లేనివాడు పెద్దల మాటను, ఊరి లెక్కను నమ్ముకొనవలసి వచ్చెను. ఆ లెక్కలు వ్రాసినది మా వృత్తివారే. మా కలము కొందరి నేలను నిలిపినది. కొందరి పేరు వ్రాయక విడిచినది. ఈ మాట ఒప్పుకొనుటకు నేను సిగ్గుపడను.

కర్నల్ మెకంజీ కొలువులో కావలి సోదరులు ఊరూర తిరిగి, దండకవిలెలు చూచి కైఫియతులు సేకరింపకున్న, మన పల్లెల చరిత్రలో ఎంతయో నేటికి మిగిలియుండెడిది కాదు. ఆ పని ముగియలేదు. మన ఇండ్ల అటుకలపై చెదలు తినుచున్న పాత దస్తావేజులను, ఇనాము పట్టాల నకళ్లను గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. నకలు వ్రాసికొని మూలమును మీకే ఇచ్చెదము. పొలము గట్టున వీరగల్లు కనబడిన దానిని పెకలింపక, వచ్చి చెప్పుడు. చదువగలవారు చదివెదరు.

సమురాయి కథ చదివిన యువకుడు రేపు తన ఊరి బంటు కథను వ్రాయగలిగిన నాడు, మన ఇరువదియైదేండ్ల కృషి ఫలించినదని నేను తలంతును. ఇందలి దోషములను విజ్ఞులు మన్నింతురు గాక.