నర్సీపట్నం - చింతపల్లి - సీలేరు రోడ్డు: లంబసింగి ఘాట్ వెనక వందేళ్ల కథ

చలికాలం వచ్చిందంటే చాలు, లంబసింగి మంచు చూడాలని కార్లు, బైకులు బారులు తీరే ఘాట్ రోడ్డు ఇది. సెల్ఫీలు దిగి వెనక్కి వచ్చేసేవాళ్లలో చాలామందికి ఈ రోడ్డు కథ తెలియదు. మన్యంలో ఓ తిరుగుబాటుకే కారణమైన దారి ఇది.

అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలో మొదలవుతుంది. డౌనూరు దాటాక ఘాట్. మలుపులు ఎక్కి లంబసింగి చేరితే అక్కడి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యమే. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కాఫీ తోటల ఆర్వీ నగర్, సప్పర్ల, ధారకొండ, తర్వాత సీలేరు. ఇంకా ముందుకెళ్తే డొంకరాయి, మోతుగూడెం మీదుగా చింతూరు. రాజమహేంద్రవరం - విజయనగరం జాతీయ రహదారి 516ఈ కూడా లంబసింగి, చింతపల్లి మీదుగానే వెళ్తోంది.

ఇక చరిత్ర. 1882 మద్రాసు అటవీ చట్టంతో గిరిజనుల పోడుకు అడ్డుకట్ట పడింది. కడుపు మండి ఉన్న ఆ జనం మీదే 1920ల మొదట్లో రోడ్డు పని పడింది. గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ ఊళ్ల నుంచి మనుషుల్ని బలవంతంగా తెచ్చి కొండ తవ్వించాడు. కూలీ చాలీచాలనిది, అదీ సరిగా ఇచ్చేవాడు కాదు. అతని వల్ల మునసబు పదవి పోగొట్టుకున్న గాం గంటందొర, తమ్ముడు మల్లుదొర అల్లూరి సీతారామరాజుతో కలిశారు.

1922 ఆగస్టు 22న దాడి జరిగింది ఈ దారిలోని చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. తుపాకులు, తూటాలు పట్టుకెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర మాటువేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని చంపారు. 1924 మే 7న రాజును కాల్చి చంపడంతో పోరాటం చివరికొచ్చింది. పట్టుబడి జైలుకెళ్లిన మల్లుదొర మాత్రం 1952 ఎన్నికల్లో విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచాడు!

స్వాతంత్ర్యం తర్వాత ఈ దారికి ఇంకో అవసరం పడింది. సీలేరు నది మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు వచ్చాయి. ఎగువ సీలేరు 240 మెగావాట్లు. ఆ భారీ యంత్రాలు, సిబ్బంది కదలాలంటే ఘాట్ దార్లే దిక్కు.

ప్రయాణికులకు లంబసింగి వరకే టూరిజం. జీకే వీధి దాటితే వేరే లోకం. రోడ్డు ఇరుకు, అడవి దట్టం, పెట్రోలు బంకుల కోసం వెతుక్కోవాలి, ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. వానాకాలంలో అయితే మరీ కష్టం. 2024 సెప్టెంబరు వర్షాలకు జీకే వీధి మండలంలో కొండచరియలు విరిగిపడి రాకపోకలు స్తంభించాయి. పర్యాటకులు ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు. పురిటి నొప్పులతో ఉన్న గిరిజన మహిళకు ఆ వీలు లేదు. చింతపల్లి ఆస్పత్రికైనా, అక్కడి నుంచి నర్సీపట్నానికైనా అంబులెన్స్ దిగాల్సింది ఈ రోడ్డు మీదుగానే. రోడ్డు దాకా రాలేని కొండ ఊళ్లలో ఇప్పటికీ డోలీయే.